దొరసాని గోరి మీద సగం కంబం

దసరా సెలవులయ్యాక మా స్టాఫు రూములో ప్రయాణాల కబుర్లు తప్ప ఇంకో మాట లేదు. లెక్కల టీచరు తిరుపతి వెళ్లొచ్చింది. సైన్సు టీచరు ఊటీ వెళ్లి ముక్కుదిబ్బడ తెచ్చుకుంది. నేను సిద్దిపేట వెళ్లొచ్చానన్నాను. అక్కడేముందని అడిగారు. సమాధి ఉందన్నాను. ఆ తర్వాత నన్నెవరూ ప్రసాదం అడగలేదు.

నేను బందరులో ఆడపిల్లల స్కూల్లో డ్రాయింగు టీచర్ని. మా ఊళ్లో తెల్లవాళ్ల పాత సమాధులకు కొదవ లేదు. పన్నెండేళ్ల కిందట, పూలకుండీలు గీయించి గీయించి విసుగెత్తి, పిల్లల్ని ఒకరోజు ఆ సమాధుల తోటకు తీసుకెళ్లి రాతిమీది తీగలు గీయించాను. మర్నాడు తల్లిదండ్రులు హెడ్మిస్ట్రెస్ గది ముందు బారులు తీరారు. పిల్లలు మానేశారు గానీ నాకా పిచ్చి అంటుకుపోయింది. మద్రాసు వెళ్లినా సికింద్రాబాదు వెళ్లినా చుట్టాల ఇళ్లకంటే ముందు విక్టోరియా రాణి కాలం నాటి శ్మశానానికే వెళ్తాను. గుడ్డ కప్పిన కలశాలు, రెక్కలు ముడిచిన దేవదూతలు, తలకిందులు చేసిన దివిటీలు, అన్నీ గీసుకుంటాను. ఇప్పటికి ఏడు పుస్తకాలు నిండాయి. ఊళ్లో ఆడవాళ్లు చీరల అంచులు చూస్తే మా ఆవిడ సమాధుల అంచులు చూస్తుందని మావారు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటారు.

ఆనాడు నాతో తోటకు వచ్చిన పిల్లల్లో విజయ ఒకతి. ఇప్పుడు సిద్దిపేట టెలిఫోను ఎక్స్‌చేంజిలో ఆపరేటరు. సెలవులకు ముందు దాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చంద్లాపూర్ పోయే దారిలో ఒక తెల్ల దొరసాని గోరి ఉందట. గోరి మీద విరిగిన రాతి స్తంభం, దాన్ని అల్లుకుని రాతి తీగ. "త్వరగా రండి టీచర్, దసరా లోపల దాన్ని బాగుచేస్తున్నారు" అని చివర రాసింది. అది చదివాక నాకు కాలు నిలవలేదు. పాత సమాధులకు పిడుగుల వల్ల జరిగిన నష్టం కంటే బాగుచేసేవాళ్ల వల్ల జరిగిన నష్టమే ఎక్కువని నా అనుభవం.

పైగా అలాంటి స్తంభానికి బాగుచేయాల్సింది ఏమీ ఉండదు. అది గాలివానకు విరిగింది కాదు. చిన్న వయసులో పోయినవాళ్ల సమాధి మీద స్తంభాన్ని సగంలోనే విరిగినట్టు చెక్కించడం ఆ రోజుల్లో తెల్లవాళ్ల ఆచారం. నిండాల్సిన ఆయుష్షు నిండలేదని చెప్పడం. మద్రాసులో అలాంటివి ఎన్నో గీశాను. ఈ సంగతి తెలియక ఎవరో మహానుభావుడు దాన్ని అతికించబోతున్నాడని అర్థమై, పెట్టె సర్దుకున్నాను.

గజ్వేల్ దాకా గంపల మధ్య

హైదరాబాదులో ఎక్కిన బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది గానీ కాళ్లు పెట్టుకోవడానికి దొరకలేదు. నా కాళ్లుండవలసిన చోట ఖాళీ టమాటా గంపలున్నాయి. పట్నంలో కూరగాయలు అమ్ముకుని గజ్వేల్ తిరిగి వెళ్తున్న ఒక పెద్దావిడవి అవి. నా చీర కుచ్చిళ్లకు టమాటా రసం అంటుకున్నా ఆవిడ మాటల ధోరణిలో పడి నేను పట్టించుకోలేదు. ఏ ఊరు, ఎందరు పిల్లలు, ఏం పని అన్నీ అరగంటలో రాబట్టింది. గోరి చూడబోతున్నానని చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది.

"నీకేమైతరమ్మా?" అని మెల్లగా అడిగింది.

ఏమీ కారని చెబితే నమ్మలేదు. ఏమీ కానివాళ్ల గోరికి బందరు నుంచి ఎవరొస్తారు? దుఃఖం దిగమింగుకుంటున్నానని అనుకుంది కాబోలు. గజ్వేల్‌లో నేను దిగి చాయ్ తాగి వచ్చేదాకా, తను దిగాల్సిన ఊరైనా సరే, నా సీట్లో కూర్చుని కాపలా కాసింది. చాయ్ ముప్పావలా. పాలెక్కువ, అల్లం ఘాటు. దిగిపోతూ నా ఒళ్లో నాలుగు వంకాయలు పెట్టి, పోయినవాళ్లు ఎట్లాగూ పోయారు, నువ్వు మంచిగా వండుకుని తినమని ఊరడించింది. ఆ దొరసాని పోయిన వందేళ్లకు ఆవిడ పేరుమీద దక్కిన పరామర్శ అది. కాదనడానికి నోరు రాక పుచ్చుకున్నాను.

సిద్దిపేటలో మొదటి సాయంత్రం

విజయ మూడేళ్లలో పూర్తిగా సిద్దిపేట పిల్ల అయిపోయింది. గది కిరాయికి తీసుకున్నానంటుంది, ఆస్పత్రిని దవాఖాన అంటుంది. రాత్రికి జొన్నరొట్టె, ఆ వంకాయల కూర, మిరపకాయల తొక్కు పెట్టింది. తొక్కు కొంచెమే వేసుకోండి టీచర్ అంటే, గుంటూరు జిల్లా కోడల్ని, నాకు కారం నేర్పుతావా అన్నాను. రెండో ముద్దకు నా కళ్లలోంచి ధారలు కట్టాయి. విజయ పెరుగు గిన్నె నా వైపు జరిపింది. చదువు చెప్పినందుకు ఫలితం ఆ మర్యాదే.

అంతకుముందు చీకటి పడకుండానే నేతవారి ఇళ్లకు తీసుకెళ్లింది. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మ ఇక్కడి చీరలకు పేరు. మా బందరులో కలంకారీ అచ్చు ముంచి గుడ్డ మీద కొడతారు. ఇక్కడ మగ్గం మీదే ఒక్కొక్క పోగూ వేలితో దూర్చి బొమ్మను నేస్తున్నారు. కాగితం మీద బొమ్మ గీసుకోకుండా మనిషి నడుము వంపు అంత సరిగా ఎలా వస్తుందో నాకిప్పటికీ అంతు పట్టలేదు. నేతాయన నూట ఇరవై చెప్పిన చీరను నూట పదికి తీసుకుని గొప్ప బేరం చేశాననుకున్నాను. పక్కింటావిడ నూటికే కొన్నదని తర్వాత తెలిసింది.

అక్కడే ఒక చిత్రమైన మాట విన్నాను. మగ్గం మీద ఇంకో చీర సగంలో ఆగి ఉంది. నేతాయన భార్య దాన్ని చూపించి మొగుణ్ని ఎత్తిపొడిచింది.

"ఏంది, గిది గూడ దొర జెప్పిండా?"

అందరూ నవ్వారు. అర్థం కాక విజయ వైపు చూశాను. ఈ చుట్టుపక్కల ఎవరు పని సగంలో వదిలి సాకు చెప్పినా 'దొర జెప్పిండు' అని ఎగతాళి చేస్తారట. దాని వెనుక కథ నేతాయన చెప్పాడు. నేను చూడబోతున్న గోరి కట్టింది ఇమామ్ సాబ్ అనే ఇక్కడి రాతిపని మేస్త్రీ. కంబం, అంటే స్తంభం, చెక్కుతుండగా పైముక్క విరిగిపోయిందని, సిగ్గుపడి "దొరే సగం చెయ్యమన్నాడు" అని బొంకాడని జనం అనుకున్నారు. దొర పెళ్లాం పోయిన దిగులుతో అప్పటికే దేశం విడిచి వెళ్లిపోయాడు. అడగడానికి మనిషి లేడు. అప్పటినుంచి ఆ మేస్త్రీ ఇంటివాళ్లకు 'సగం కంబమోళ్లు' అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు ఆయన మనవడు మహబూబ్ సాబ్ ఏడాదిగా పైముక్క చెక్కుతున్నాడని, వచ్చే ఆదివారమే దాన్ని నిలబెడతాడని చెప్పి, ఇన్నాళ్లకు ఆ ఇంటి పరువు దక్కుతుందని నేతాయన సంతోషించాడు.

నేను సంతోషించలేకపోయాను. ఇమామ్ సాబ్ చెప్పింది అక్షరాలా నిజమని అక్కడ కూర్చున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

దొరసాని గోరి

ఆ పల్లె పేరు రాయను. రాస్తే నాలాంటి వాళ్లు ఇంకా వస్తారని, అమ్మవారికి ఎత్తే బోనం కుండలు పెట్టుకోవడానికి జాగ లేకుండా చేస్తారని అక్కడి నర్సవ్వ నా దగ్గర మాట తీసుకుంది. ఆమెకు అరవై దాటాయి. గోరి చుట్టూ ఊడ్చేది, దీపం పెట్టేది, ఏటా దసరాకు సున్నం కొట్టించేది ఆమే.

మక్కచేల, అంటే మొక్కజొన్న చేల, నడుమ ఎర్రమట్టి దిబ్బ, దానిమీద మూడు మెట్లు, మెట్లమీద ఛాతీ ఎత్తు చదరపు దిమ్మె, దిమ్మె మీద గుండ్రటి స్తంభం. స్తంభం మనిషి ఎత్తుకంటే రెండు జానలు ఎక్కువ ఉంటుందేమో. కింద సన్నని పద్మం పీట, అక్కడినుంచి తీగ పాకుతూ చుట్టూ మూడుసార్లు తిరిగి పైకి వెళ్లింది. పైన స్తంభం ఏటవాలుగా, అంచులు ఎగుడుదిగుడుగా విరిగి ఉంది. ఇదంతా ఊహించుకుని చెబుతున్నాను. నిజానికి నాకు కనిపించింది తెల్లగా ఉబ్బిన ఒక సున్నపు ముద్ద. ఏటేటా పొడుగు వెదురుకు చీపురు కట్టి కింద నుంచే సున్నం చల్లేస్తారు. వందేళ్ల సున్నం కింద తీగ వాచిన కాలి నరంలాగా కనపడుతోంది.

దిమ్మెకు నాలుగు పక్కలా బొమ్మలున్నాయి. తూర్పున గుడ్డ కప్పిన కలశం. అది మరణానికి గుర్తు, విక్టోరియా కాలపు సమాధుల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. ఇక్కడ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఏమిటని అడిగాను.

"గది బోనం గాక ఏందమ్మా? కుండ మీద బట్ట గప్పిన్రు జూడు" అంది నర్సవ్వ. "ఏ దేశపామెనో, గని మన తీరుగనే బోనం ఎత్తింది. గందుకే మేము గూడ ఎత్తుతం."

దక్షిణం వైపు లంగరు. బందరులో చంటిపిల్లాడినడిగినా లంగరని చెబుతాడు. సముద్రం ఎరగని నర్సవ్వ, బావిలో పడ్డ బొక్కెన తీసే కొక్కెం అంది. మూలల్లో తలకిందుల దివిటీలను మక్కకంకులంది. నాలో టీచరు ఊరుకోలేక ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాను. ఆవిడ ఓపికగా విని, ఆరిన దివిటీలు ఎవరికి కావాలి, కంకులైతే ఊరికి మంచిది అంది. పడమర వైపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న బొమ్మ దగ్గర మాత్రం ఇద్దరం పెళ్లి అనే అన్నాం. ఉత్తరం వైపు పలక మీద అక్షరాలుండాలి. అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు.

ఆదివారం పని ఎలా చేస్తారని అడిగాను. వెదురు మంచె కట్టి, ముందు విరిగిన అంచును ఉలితో కొట్టి చదును చేస్తారట. తర్వాత కొత్త ముక్క ఎక్కిస్తారట. ఉలితో కొట్టి అన్న మాట వినగానే మహబూబ్ సాబ్ ఇల్లెక్కడో అడిగాను.

మహబూబ్ సాబ్ వాకిలి

శనివారం పొద్దున్నే విజయా నేనూ ఆయన ఇంటికి వెళ్లాం. వాకిలి నిండా రోళ్లు, ఇసుర్రాళ్లు, గడపరాళ్లు, రెండు గోరీల పలకలు. మహబూబ్ సాబ్‌కు డెబ్బై ఉంటాయి. ఎడమ కంట్లో మోతిబిందు, మేము శుక్లమనేది, తెల్లగా కనపడుతోంది. కుడికన్ను కూడా మసకేస్తోందని, ఇంకో ఏడాది ఆగితే ఈ పని తన చేతులతో కాదని ఆయన భార్య జైనబీ చెప్పింది. తిన్నగా నిలబెట్టే రాయి పని వాళ్లకు ఎవరూ ఇవ్వరట. రోలు కావాలంటే వస్తారు. గుడి కంబమైనా మసీదు కమానైనా ఇంకో ఊరి మేస్త్రీని పిలుచుకొస్తారు. తాత నుంచి మనవడి దాకా ఉలి పట్టిన చేతులన్నీ రోళ్లకే పరిమితమైపోయాయి.

కొత్త ముక్క గోనెపట్టా కింద ఉంది. పట్టా తీసి చూపించారు. నల్లరాయి నునుపు మీద చెయ్యి జారిపోయింది. చివర తామర రేకులు విచ్చుకుంటున్నట్టు చెక్కారు. ఎంత బాగుందో చెప్పలేను. అది బాగుండకపోయి ఉంటే నాకు తర్వాతి మాట చెప్పడం తేలికయ్యేది.

సాయిబుగారూ, మీ తాతగారు అబద్ధం చెప్పలేదండీ, అలా సగంలో విరిగినట్టు చెక్కడమే వాళ్ల ఆచారం అన్నాను. ఆయన కోప్పడలేదు. జాలిపడుతున్నాననుకున్నారు.

"సగం చెయ్యమని ఎవడన్న చెప్తడా బిడ్డా? నువ్వు చీర కొనవోయి సగమే నెయ్యమంటవా?"

దీనికి సిద్ధంగానే వచ్చాను. మద్రాసు పుస్తకం తీసి, నేను గీసిన విరిగిన స్తంభాలన్నీ ఒకటొకటే తిప్పి చూపించాను. మొత్తం పదకొండు. ఆయన పుస్తకాన్ని కుడికంటికి దగ్గరగా పట్టుకుని ప్రతి పేజీ చూశారు. ఇక ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.

"అంటే గాడ గూడ మేస్త్రీలు ఇరగ్గొట్టిన్రా?" అన్నారు.

విజయ నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి పోయింది. నాకూ నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. పుస్తకం నా చేతికిచ్చి గోనెపట్టా మళ్లీ కప్పుకుంటూ, తల తిప్పుకుని చెప్పారు.

"మా తాత సచ్చేదాక గదే మాట జెప్పిండు. దొర కాయిదం మీద గీసిచ్చిండు, గట్లనే చేసిన అన్నడు. మా బాపు నమ్మలే. నేను గూడ నమ్మలే. ఊరోళ్లు నవ్వుతుంటే నేను గూడ ఆయన మొకం మీద్నే నవ్విన. గా పాపం కడుక్కోవాలె."

రేపు ఆ స్తంభం అంచు చదునైపోతుంది. అది పోతే, తాత నిజమే చెప్పాడనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మనవడి ఉలితోనే పోతుంది. పాపం కడుక్కుంటున్నాననుకుంటూ ఆయన చేయబోతున్నది అది.

దారిలో విజయ అంది, "మీరు చెబితే నమ్మడు టీచర్. రాయి చెబితే నమ్ముతాడు." పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేనే అనేదాన్నట, నా మాట వినొద్దు, ఆకును చూసి గీయండని. వెనక్కి వెళ్లి మహబూబ్ సాబ్‌ను ఒకే ఒక్కటి అడిగాను. అంచు కొట్టే ముందు సున్నమంతా నెమ్మదిగా తీసి, ఉన్నది ఉన్నట్టు గీసుకోవడానికి నాకు ఒక గంట ఇమ్మన్నాను. గీసుకో బిడ్డా, దానికేముంది అన్నారు.

ఆదివారం, మంచె మీద

ఊరు ఊరంతా గోరి దగ్గరే ఉంది. ఎడ్లబండి మీద కొత్త ముక్క వచ్చింది, మోకులు వచ్చాయి, తంగేడు పూలు కోసుకొస్తున్న ఆడవాళ్లు గంపలతో అక్కడే ఆగిపోయారు. ఎవరో సేమియా పాయసం కూడా కాస్తున్నారు. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన ఎక్కుతూ పై మెట్ల దగ్గర చెప్పు జారవిడిచాను. అది నేరుగా పాయసం కాచేవాడి భుజం మీద పడింది. గిన్నెలో పడనందుకు ఊరంతా సంతోషించింది.

మంచె మీద ఒక పక్క మహబూబ్ సాబ్, ఒక పక్క నేను. ఆయన తడి గోనె కప్పి సున్నం నానబెట్టి, చెక్కముక్కతో గీకుతుంటే అప్పడాల్లాగా పెచ్చులు ఊడి పడ్డాయి. తెల్లటి పొర, నీలిమందు కలిపిన పొర, మళ్లీ తెల్లటి పొర. కింద నుంచి తీగ బయటికి వచ్చింది. పాలరాతిలో ఆకులు చెక్కడం చాలాచోట్ల చూశాను. ఈ మొండి నల్లరాతిలో ఆకు ఈనెలు కూడా తెలిసేలా చెక్కినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఒక ఆకు అంచు పురుగు కొట్టినట్టుగా కూడా ఉంది. గీయాల్సిన పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది.

తీగ చివరికి వచ్చారు. నాకు ముందే కనపడింది. పెదవి కొరుక్కుని నిలబడ్డాను. ఆయనకు కన్ను ఆనలేదు, వేళ్లతో తడుముతున్నారు. తొడిమె వెంట వేలు పైకి పోయింది. విరిగిన అంచు దగ్గర ఆగింది. మళ్లీ కిందికి వచ్చి, మళ్లీ పైకి పోయింది. చివరి ఆకు అంచు దగ్గర ఆగలేదు. అంచు దాటి, మడత పడి, విరిగిన చోట రాతి నడిమధ్యకు వంగి పడుకుని ఉంది. స్తంభం, ఆకు, ఒకటే రాయి.

"బిడ్డా, గీ ఆకు ఏడికి వోయింది?" అన్నారు.

మీరే చెప్పండి అన్నాను.

ఆయన విరిగిన ముఖమంతా అరచేత్తో తడిమారు. నీళ్లు పోసి కడిగి, కుడికన్ను రాతికి ఆనేలా వంగి చూశారు. విరిగిన రాయి ఎలా ఉంటుందో ఆయనకు నేను చెప్పాలా? విరిగినట్టు కనిపించే ప్రతి పగులు పక్కనా వరుసగా సన్నటి ఉలి గాట్లు ఉన్నాయి. పగలగొడితే ఒక్క దెబ్బకు అయ్యే పనిని, పగిలినట్టు చెక్కడానికి ఇమామ్ సాబ్ ఎన్ని వారాలు కూర్చున్నాడో ఆ గాట్లు చెబుతున్నాయి.

కింద జనం ఏమైందని అడుగుతున్నారు. మహబూబ్ సాబ్ మంచె అంచున మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఇరగలే" అన్నారు. "ఇరిగినట్టు చెక్కిండు. దొర నిజంగనే జెప్పిండు. మా తాత అబద్ధమాడలే."

దొర చెప్పాడన్న మాటకు అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను, సున్నం పడిందని చెప్పడానికి వీలుగా కళ్లలో నిజంగానే సున్నం పడి ఉంది. ఇంత మంచి పనివాణ్ని నూరేళ్లుగా ఊరంతా కలిసి అబద్ధాలకోరని అన్నదన్న బాధ, ఆ నింద ఈ పూటతో తీరిందన్న సంతోషం, రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

తర్వాత జరిగింది ఒక చిన్న తిరునాళ్ల. ఆకును ముట్టుకోవాలని ఊరంతా నిచ్చెన దగ్గర వరస కట్టింది. నర్సవ్వను వద్దన్నా వినలేదు, ఇద్దరు పట్టుకుంటే ఎక్కింది. ఉత్తరపు పలక మీది సున్నం కూడా గీకారు. అందులో రెండే సంగతులు చదవగలిగాను. పేరు ఎలినార్, వయసు ఇరవై రెండు. అప్పుడు సగం స్తంభానికి అర్థం చెప్పాను. నిన్న మద్రాసు పుస్తకం చూపించినా మహబూబ్ సాబ్‌కు ఎక్కని మాట ఆ రెండంకెలతో అందరికీ ఎక్కింది.

"నిండ నూరేండ్లు బతికితె నిండు కంబమే పెట్టిద్దురు" అంది నర్సవ్వ. "ఇరవై రెండంటే పసిదాయె." అని తన కొంగుతో ఆ అక్షరాలు తుడిచింది. ఇకమీదట సున్నం దిమ్మెకే, కంబానికి వద్దని అక్కడికక్కడే తీర్మానించింది. బోనం మాత్రం బోనమేనట, దాని సంగతి నన్ను మాట్లాడొద్దంది. నేనూ మాట్లాడలేదు. పాయసం రెండు గ్లాసులు తాగాను.

బయల్దేరేముందు

కొత్త ముక్క బండి మీదే మహబూబ్ సాబ్ ఇంటికి తిరిగి వెళ్లింది. సోమవారం ఆయన దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్లేటప్పుడు నాకు అదే బెంగ. ఒక ముసలాయన చూపు సగం ధారపోసి ఏడాది పాటు చేసిన పని, నా మూలంగా వృథా అయింది కదా. వెళ్లేసరికి ఆయన దాన్ని పక్కకు పడుకోబెట్టి, ఒక వైపు పలకలాగా చదును చేసి ఉంచారు. నా కోసమే చూస్తున్నారట. దాన్ని గోరి మెట్ల దగ్గర పాతుతారట. మీద తాత పేరు రాయాలట. డ్రాయింగు టీచర్ని కాబట్టి అక్షరాలు నేను గీయాలట.

ఉర్దూలో గోరీ పలకలు ఎన్నో చెక్కారు కదా, ఉర్దూలోనే పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"తెలుగులనే రాయి బిడ్డా. నవ్వినోళ్లు చదువుకోవాలె."

ఇమామ్ సాబ్, రాతిపని మేస్త్రీ అని బొగ్గుతో గీశాను. ఇంకేమైనా రాయాలా అని అడిగాను. తాత మంచివాడని, గొప్పవాడని ఏదో చెబుతారనుకున్నాను.

"పని పూర్తయింది అని రాయి" అన్నారు.

రెండు బస్సులు వదిలేశాను. ఆయన చెక్కుతుంటే పక్కనే కూర్చుని, కన్ను ఆననిచోట గీత ఎటు తిరుగుతుందో చెబుతూ వచ్చాను. 'ర్త' దగ్గర రాయి కొంచెం మొరాయించింది. పొద్దు వాలేసరికి చివరి అక్షరం అయింది. మహబూబ్ సాబ్ ఉలి కింద పెట్టి, రాతిపొడి ఊది, పలకంతా చేత్తో నిమిరారు. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదాయనకు.

"గిండ్ల పూర్తయింది అన్నది ఏడున్నదో జూపియ్యి" అన్నారు.

ఆయన చూపుడువేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాను. మొదటి అక్షరం నుంచి చివరి దాకా వేలితో ఒకసారి నడిచారు. మళ్లీ మొదటికొచ్చారు. జైనబీ చాయ్ తెచ్చింది. జన్మలో ఎడమచేత్తో కప్పు పట్టి ఎరగని మనిషి, కుడివేలు ఆ మాట మీదనుంచి తీయలేక, ఎడమచేత్తో అందుకున్నారు.